తిలాపాపం తలా పిడికెడు.. మన పిడికెడు ఎంత?

అమెరికాలో ఓపియాయిడ్ల మాట ఎత్తితే చాలు, మనవాళ్ళ దగ్గర రెండు సమాధానాలు రెడీగా ఉంటాయి. ఒకటి: "అదంతా వాళ్ళ కల్చర్ అండీ. అమ్మా నాన్నా ఒకచోట ఉండరు, పిల్లల్ని పద్దెనిమిదేళ్ళకే వదిలేస్తారు, డ్రగ్స్ తీసుకోక ఏం చేస్తారు?" రెండోది, వ్యవహారం మన ఫీల్డు దాకా వస్తే వినపడేది: "మనకెందుకండీ, మనం కోడ్ రాసేవాళ్ళం. క్లయింట్ అడిగాడు, రాసిచ్చాం." ఈ రెండు మాటలూ విని విని విసుగొచ్చి రాస్తున్న టపా ఇది. రెండూ తప్పే అని నా వాదన. మొదటిది తెలియక అనే మాట. రెండోది తెలిసీ అనే మాట. అందుకే దాని మీద నాకు కోపం ఎక్కువ.

ముందు కాస్త కథ తెలియాలి. తెలిసినవాళ్ళు ఓపిక పట్టండి.

ఓపియాయిడ్లంటే నల్లమందు నుంచి తీసేవీ, దానిలాగే పనిచేసేట్టు ల్యాబులో తయారుచేసేవీను. మార్ఫిన్, ఆక్సీకోడోన్, హైడ్రోకోడోన్, హెరాయిన్, ఫెంటనిల్.. అన్నీ ఈ కుటుంబమే. 1995 డిసెంబర్లో పర్డ్యూ ఫార్మా అనే కంపెనీ ఆక్సీకాంటిన్ అనే బిళ్ళకి ఎఫ్‌డీఏ అనుమతి తెచ్చుకుని, 1996లో మార్కెట్లోకి దింపింది. అందులో ఉన్నది ఆక్సీకోడోనే, కొత్త మందేం కాదు. కొత్తదల్లా, మందు ఒక్కసారిగా కాకుండా పన్నెండు గంటలపాటు నెమ్మదిగా ఒంట్లోకి వెళ్తుందనడం. ఆ నెమ్మదితనం వల్ల దుర్వినియోగం తగ్గుతుందని "భావిస్తున్నారు" అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి ఏకంగా లేబుల్ మీదకే ఎక్కింది. పరీక్ష చేసి తేల్చింది కాదు, భావించడం! 2001లో ఆ వాక్యం పీకేశారు గానీ, అప్పటికే బిళ్ళని నలిపితే మొత్తం మందు ఒకేసారి దొరుకుతుందన్న సంగతి ఊరూవాడా తెలిసిపోయింది.

డాక్టర్లు మాత్రం ఎలా నమ్మారు అంటారా? 1980లో ఒక పెద్ద వైద్య పత్రికలో ఐదు వాక్యాల ఉత్తరం ఒకటి అచ్చయింది. హాస్పిటల్లో ఉండగా ఈ మందులు తీసుకున్న 11,882 మందిలో, అంతకుముందు వ్యసనం లేకుండా కొత్తగా అలవాటు పడ్డవాళ్ళు నలుగురే కనపడ్డారని దాని సారాంశం. హాస్పిటల్ మంచం మీద, నర్సు చేతి మీదుగా నాలుగు రోజులు మందు తీసుకున్నవాళ్ళ సంగతి అది. దాన్ని పట్టుకొచ్చి, ఇంట్లో కూర్చుని నెలల తరబడి బిళ్ళలు మింగేవాళ్ళకి కూడా వ్యసనం ఒక్క శాతం లోపే అని ప్రచారం చేశారు. ఆ ఐదు వాక్యాల్ని తర్వాత 600కి పైగా వ్యాసాల్లో ఉటంకించారని 2017లో లెక్క తేలింది. ఎవడో ఎక్కడో రాసిన నాలుగు లైన్ల కోడ్‌ని, అది ఏ కండిషన్లో పనిచేస్తుందో చూడకుండా కాపీ పేస్ట్ చేస్తే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా?

ఇక సేల్స్. ఏ డాక్టరు ఎన్ని నొప్పి మందులు రాస్తున్నాడో పిన్‌కోడ్ వారీగా డేటాబేస్‌లు ఉండేవి. ఎక్కువ రాసేవాళ్ళ దగ్గరికే రెప్రెజెంటేటివ్‌లు ఎక్కువ సార్లు వెళ్ళేవాళ్ళు. 2001లో పర్డ్యూ రెప్‌ల సగటు జీతం 55,000 డాలర్లయితే సగటు బోనస్ 71,500 డాలర్లు! జీతం కంటే బోనస్ ఎక్కువైన చోట మనిషి బుద్ధి దేని వెంట పోతుందో ఊహించడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. మొదటిసారి వాడేవాళ్ళకి ఉచితంగా మందు ఇచ్చే కూపన్లు కూడా పంచారు. మన భాషలో ఫ్రీ ట్రయల్ అన్నమాట. కాకపోతే ఇక్కడ అన్‌సబ్‌స్క్రయిబ్ బటన్ లేదు.

2007లో పర్డ్యూ నేరం ఒప్పుకుని, కంపెనీ, ముగ్గురు పెద్ద అధికారులు కలిపి 63.45 కోట్ల డాలర్లు కట్టారు. కట్టి, అమ్మకాలు యథాతథంగా కొనసాగించారు. 2010లో నలిపినా పొడి కాని బిళ్ళ తెచ్చేసరికి, అప్పటికే బానిసలైనవాళ్ళు హెరాయిన్‌కి మళ్ళారు. 2013 నుంచి హెరాయిన్ స్థానంలోకి దానికంటే ఎన్నో రెట్లు బలమైన ఫెంటనిల్ దిగింది. ఇప్పుడు చనిపోతున్నవాళ్ళలో ఎక్కువమందిని చంపుతున్నది దొంగతనంగా తయారయ్యే ఈ ఫెంటనిలే. అన్ని డ్రగ్స్ కలిపి ఓవర్‌డోస్ చావులు 2021లో ఒక్క ఏడాదిలోనే లక్ష దాటాయి. 2024లో 80 వేల దరిదాపులకి తగ్గాయి, సంతోషం. కానీ 1999 నుంచి 2023 దాకా ఒక్క ఓపియాయిడ్ల వల్ల పోయినవాళ్ళు దాదాపు 8 లక్షల మంది. ఒక పెద్ద పట్టణం పట్టణమే తుడిచిపెట్టుకుపోయినట్టు.

ఇప్పుడు మొదటి మాటకొద్దాం. కల్చర్!

1996లో అమెరికాలో ఐదు రాష్ట్రాల్లో ఒక నియమం ఉండేది. కాలిఫోర్నియా, న్యూయార్క్, టెక్సాస్, ఇల్లినాయ్, ఐడహో. ఇలాంటి మందు రాయాలంటే డాక్టరు మూడు కాపీల ప్రత్యేక చీటీ మీద రాయాలి. ఒకటి డాక్టరు దగ్గర, ఒకటి మందుల షాపులో, ఒకటి ప్రభుత్వానికి. అంతే. ఆ మూడో కాపీ భయానికి, పైగా అదో తలనొప్పి కావడంతో, అక్కడి డాక్టర్లు ఈ మందు రాయడానికి వెనకాడతారని పర్డ్యూ తన సొంత సర్వేల్లోనే తెలుసుకుంది. అందుకని ఆ రాష్ట్రాల్లో మార్కెటింగ్ మీద పెద్దగా డబ్బు పెట్టలేదు. ఫలితం? 2022లో అచ్చయిన ఆర్థికవేత్తల పరిశోధన ప్రకారం ఈ రాష్ట్రాలకి చేరిన ఆక్సీకాంటిన్ మిగతావాటితో పోలిస్తే సగమే. ఓవర్‌డోస్ చావులు పెరిగిన వేగం కూడా ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు ఇక్కడ తక్కువే.

ఇప్పుడు చెప్పండి, న్యూయార్క్ కల్చర్ వేరు, పక్కనున్న పెన్సిల్వేనియా కల్చర్ వేరూనా? టెక్సాస్‌లో అమ్మానాన్నలు విడాకులు తీసుకోరా? ఐడహోలో పిల్లలు ఎనభై ఏళ్ళు వచ్చేదాకా అమ్మ ఒళ్ళోనే ఉంటారా? తేడా అంతా ఒక కార్బన్ కాపీ దగ్గర వచ్చింది. మనుషులు అక్కడా ఇక్కడా ఒక్కటే. ఒక చోట దారిలో చిన్న గేటు ఉంది, ఇంకో చోట లేదు.

మన ఇళ్ళలో ఇలాంటివి ఉండవనే ధీమా కూడా నాకు నచ్చదు. నడుం ఆపరేషన్ చేయించుకున్నవాడికీ, జ్ఞానదంతం పీకించుకున్న కుర్రాడికీ చీటీ రాసేటప్పుడు డాక్టరు గోత్రం అడగడు. బిళ్ళ కూడా అడగదు. ఒకవేళ మనింట్లో అలాంటిది జరిగితే మనం చేసే మొదటి పని దాచిపెట్టడం. అందుకే మనకి "ఎక్కడా లేదు" అనిపిస్తుంది.

సరే, ఇక అసలు సంగతికొస్తాను. మూడు కాపీల చీటీ లాంటి గేట్లు ఇప్పుడు కాగితం మీద లేవు. సాఫ్ట్‌వేర్లో ఉన్నాయి. అంటే మన చేతుల్లో ఉన్నాయి. వాటిని మనవాళ్ళు, అంటే తెలుగువాళ్ళని కాదు, ఈ వృత్తిలో ఉన్నవాళ్ళం అందరం, ఏం చేశామో రెండు లెక్కలు చెప్తాను. ఒకటి మోగకూడని చోట మోగిన అలారం. రెండోది మోగాల్సిన చోట మోగని అలారం.

మొదటి లెక్క. 2009లో అమెరికా ప్రభుత్వం డాక్టర్లందర్నీ కంప్యూటర్ రికార్డుల వైపు మళ్ళించడానికి ప్రోత్సాహకాలిస్తూ చట్టం చేసింది. హెల్త్‌కేర్ ఐటీలో పనిచేసినవాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఆ ఊపులో పెరిగిన కంపెనీల్లో శాన్ ఫ్రాన్సిస్కోకి చెందిన ప్రాక్టీస్ ఫ్యూజన్ ఒకటి. చిన్న చిన్న క్లినిక్‌లకి తన సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చేది, ప్రకటనల మీదా, ఫార్మా కంపెనీల మీదా సంపాదించుకునేది. ఆ సాఫ్ట్‌వేర్లో క్లినికల్ డెసిషన్ సపోర్ట్ అని ఒక ఫీచర్ ఉంటుంది. డాక్టరు పేషెంట్ రికార్డు తెరవగానే "ఈయనకి షుగర్ టెస్ట్ చేసి ఏడాదైంది" లాంటి పాప్-అప్ వస్తుంది. మంచి ఫీచరే. ప్రాణాలు కాపాడే ఫీచర్.

ఈ పాప్-అప్‌ని ప్రాక్టీస్ ఫ్యూజన్ అమ్మకానికి పెట్టింది. ఒక ఓపియాయిడ్ కంపెనీ దగ్గర దాదాపు 10 లక్షల డాలర్లు తీసుకుని నొప్పి గురించి ఒక అలర్ట్ తయారుచేసింది. ఆ కంపెనీ పర్డ్యూనే. పేషెంట్‌కి నొప్పి ఎంతుందో అడగమని డాక్టర్‌కి గుర్తు చేయడం, ఆ తర్వాత ఏం చేయొచ్చో జాబితా చూపించడం, ఆ జాబితాలో ఓపియాయిడ్లు కూడా ఉండటం. అలర్ట్ ఎలా ఉండాలో చెప్పడంలో మందుల కంపెనీ మార్కెటింగ్ వాళ్ళ చెయ్యి ఉంది. దీనివల్ల అమ్మకాలు ఎంత పెరుగుతాయో లెక్క వేసి మరీ ఒప్పందం కుదుర్చుకున్నారు. 2016 నుంచి 2019 వసంతం దాకా ఆ అలర్ట్ సుమారు 23 కోట్ల సార్లు డాక్టర్ల స్క్రీన్ల మీద వెలిగింది. ఇంకో విచిత్రం చూడండి. దీర్ఘకాలిక నొప్పికి ముందు ఓపియాయిడ్లు కాని దారులు చూడండి మహాప్రభో అని సీడీసీ డాక్టర్లకి మార్గదర్శకాలు ఇచ్చింది కూడా 2016లోనే!

2020 జనవరిలో ప్రాక్టీస్ ఫ్యూజన్ ఈ కేసుల్లో 14.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఇదొక్కటే కాదు, ఫార్మా కంపెనీల అమ్మకాలు పెంచడానికి ఇలాంటివే ఇంకో 13 ఒప్పందాల విషయం కూడా ఆ సెటిల్‌మెంట్‌లో ఉంది. అదే ఏడాది నవంబర్లో పర్డ్యూ కూడా నేరం ఒప్పుకుంది. వాళ్ళు ఒప్పుకున్న మూడు నేరాల్లో ఒకటి అచ్చంగా ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీకి లంచం ఇవ్వడమే.

ఆ అలర్ట్‌ని ఒక అనలిస్ట్ డాక్యుమెంట్ చేసుంటాడు. ఒక డెవలపర్ కోడ్ రాసుంటాడు. ఒక టెస్టర్ "నొప్పి స్కోర్ ఎంటర్ చేయగానే లిస్టు కనిపిస్తోంది, పాస్" అని టిక్ పెట్టుంటాడు. ఎవరో డెప్లాయ్ చేసుంటారు. బగ్ ఒక్కటి కూడా లేదు. స్పెక్‌లో ఎలా ఉందో అలాగే పనిచేసింది. అదే దాని దరిద్రం.

రెండో లెక్క. ఫ్యాక్టరీకీ మందుల షాపుకీ మధ్య డిస్ట్రిబ్యూటర్లు ఉంటారు. ఏదైనా షాపు అనుమానం వచ్చేలా ఆర్డర్లు పెడితే డీఈఏకి చెప్పాలని వాళ్ళకి చట్టంలోనే ఉంది. ఇంతకంటే సులువైన ప్రాబ్లం స్టేట్‌మెంట్ ఎక్కడైనా ఉంటుందా? ఊరి జనాభా ఇంత, షాపు ఆర్డర్ ఇంత, థ్రెషోల్డ్ దాటితే జెండా ఎగరెయ్. కాలేజీలో చేసే మినీ ప్రాజెక్ట్ ఇది.

వెస్ట్ వర్జీనియాలో కెర్మిట్ అని బొగ్గు గనుల ప్రాంతంలో ఒక ఊరు. జనాభా 400 కూడా లేదు. అక్కడున్న ఒక్క మందుల షాపుకి రెండేళ్ళలో దాదాపు 90 లక్షల హైడ్రోకోడోన్ బిళ్ళలు వెళ్ళాయి. తల లెక్కన చూస్తే పసిపిల్లలతో సహా ఒక్కొక్కరికీ ఇరవై వేలకి పైనే! అదే రాష్ట్రానికి ఆరేళ్ళలో 78 కోట్ల బిళ్ళలు చేరాయని ఎరిక్ ఐర్ అనే స్థానిక విలేఖరి బయటపెట్టాడు. 2017లో పులిట్జర్ బహుమతి వచ్చింది ఆయనకి. కోట్ల రూపాయల సిస్టమ్‌లకి కనపడనిది ఒక చిన్న పేపర్ విలేఖరికి కనపడింది.

కనపడలేదంటారా, చూడలేదంటారా? కొలరాడోలో మెకెసన్ అనే డిస్ట్రిబ్యూటర్ 2008 జూన్ నుంచి 2013 మే దాకా ఇలాంటి మందుల ఆర్డర్లు 16 లక్షలకి పైగా ప్రాసెస్ చేసింది. వాటిలో అనుమానాస్పదం అని ప్రభుత్వానికి చెప్పినవి ఎన్నో తెలుసా? పదహారు. వెయ్యి కాదు, లక్ష కాదు, అక్షరాలా పదహారు. అవి కూడా, అప్పుడే సంబంధం తెంచుకున్న ఒక కస్టమర్‌కి సంబంధించిన ఒకే ఒక్క వ్యవహారంలోవి. ఇదే తప్పుకి 2008లో ఒకసారి 1.325 కోట్ల డాలర్లు కట్టి "ఇకపై సరిగ్గా చేస్తాం" అన్న కంపెనీ ఇది. 2017లో మళ్ళీ 15 కోట్ల డాలర్లు కట్టింది. పోనీ ప్రభుత్వం దగ్గర డేటా లేదా అంటే అదీ ఉంది. ప్రతి బిళ్ళా ఫ్యాక్టరీ నుంచి షాపు దాకా ఎలా వెళ్ళిందో డీఈఏ దగ్గర పూర్తి డేటాబేస్ ఉంది. 2006-2012 మధ్య 7,600 కోట్ల బిళ్ళలు! ఆ వివరాలు జనానికి తెలిసింది 2019లో, అదీ పత్రికలు కోర్టుకెళ్ళి పోరాడితే. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయంటాం. ఇక్కడ ఏళ్ళు పట్టింది.

ఒక పక్క 23 కోట్లు, ఇంకో పక్క 16. అమ్మకం పెంచే అలారం ఆగకుండా మోగింది. అమ్మకం ఆపే అలారం గొంతు నొక్కారు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ఇది టెక్నాలజీ ఫెయిలయిన కథ కాదని తెలుస్తుంది. డబ్బులెటు ఉంటే టెక్నాలజీ అటు బ్రహ్మాండంగా పనిచేసిన కథ.

కన్సల్టెంట్లని మర్చిపోకూడదు. అమ్మకాలు "టర్బోచార్జ్" చేయమని 2013లో పర్డ్యూకి సలహా ఇచ్చిన మెకిన్సే వాళ్ళు, 2017లో ఇంకో ప్రతిపాదన చేశారు. మీ కస్టమర్లలో ఎవరికైనా మా బిళ్ళల వల్ల ఓవర్‌డోస్ అయితే, ఒక్కో "ఈవెంట్‌"కి ఇంత అని ఇన్సూరెన్స్, డిస్ట్రిబ్యూషన్ కంపెనీలకి రిబేట్ ఇద్దాం అని. ఒక లెక్కలో ఈవెంట్‌కి 14,810 డాలర్లు. ఆ ప్రతిపాదన అమల్లోకి రాలేదు, నిజమే. కానీ ఒకడి కొడుకు బాత్రూం నేల మీద నీలంగా మారి పడి ఉండటాన్ని పవర్‌పాయింట్లో "ఈవెంట్" అని రాయగలిగారంటే.. మనం రోజూ రాసే ఆ మాట మీద నాకు ఆ రోజు నుంచీ అసహ్యం పుట్టింది. 2024 డిసెంబర్లో మెకిన్సే 65 కోట్ల డాలర్లు కట్టి ఆ క్రిమినల్ కేసు నుంచి బయటపడింది.

ఈవెంట్ల వెనక ఏముందో కూడా చెప్పాలి. 2011 నుంచి 2021 వరకు ఓవర్‌డోస్ వల్ల తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలు 3,21,000 పైచిలుకని 2024లో ఒక అధ్యయనం అంచనా వేసింది. ఎన్నో ఊళ్ళలో తాతలూ అమ్మమ్మలూ రిటైరయ్యాక మళ్ళీ డయపర్లు మార్చడం మొదలుపెట్టారు. కడుపులో ఉండగానే మందుకి అలవాటు పడి, పుట్టగానే అది అందక వణికిపోతూ, ఆపకుండా ఏడ్చే పసికందుల కోసం హాస్పిటళ్ళలో ప్రత్యేకంగా ఏర్పాట్లు చేయాల్సొచ్చింది. కల్చర్ లేదు, కుటుంబం లేదు అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ మనవల్ని ఎత్తుకున్న అమ్మమ్మ కుటుంబం కాదా? కుటుంబం లేక డ్రగ్స్ రాలేదండీ, డ్రగ్స్ వచ్చి కుటుంబాలు కూలిపోయాయి. మనం కారణాన్నీ ఫలితాన్నీ తిరగేసి చదువుతున్నాం.

ఇప్పుడు రెండో మాట. "క్లయింట్ అడిగాడు, రాసిచ్చాం." దీనికి మూడు రకాల సమర్థనలు విన్నాను.

మొదటిది: "చివరికి చీటీ రాసేది డాక్టరే కదా, పాప్-అప్ కాదుగా." నిజమే. మరి పాప్-అప్‌తో పనికాకపోతే మందుల కంపెనీ 10 లక్షల డాలర్లు ఎందుకిచ్చినట్టు? అందం చూసా? డీఫాల్ట్ ఆప్షన్ మార్చితే జనం ఎంత మారతారో మనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. బటన్ రంగు మార్చి ఎ/బి టెస్ట్ చేసి, క్లిక్‌లు రెండు శాతం పెరిగితే పార్టీ చేసుకునే జాతి మనది. అప్రైజల్లో ఆ రెండు శాతం మన గొప్ప. కోర్టులో మాత్రం ఆ రెండు శాతం డాక్టరుదా?

రెండోది: "మనకి మొత్తం కనపడదండీ. ఎక్కడో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో కూర్చుని ఒక మాడ్యూల్ రాస్తాం. ఎవడు డబ్బిచ్చాడో, ఎందుకో మనకేం తెలుస్తుంది?" ఇందులో కొంత న్యాయం ఉంది, కాదనను. పనిని ముక్కలు చేసి పంచడంలో ఉన్న సుఖమే అది, ఎవరి చేతికీ రక్తం అంటదు. తిలాపాపం తలా పిడికెడు. కానీ నేను చూసిన హెల్త్‌కేర్ ప్రాజెక్టుల్లో రూల్స్ అన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో వచ్చేవి. ప్రతి రూల్‌కీ "సోర్స్" అనే కాలమ్ ఉండేది. అది ఏ మార్గదర్శకం ఆధారంగా పెట్టిన రూలో అందులో రాయాలి. చాలాసార్లు ఖాళీగా ఉండేది, లేదా "బిజినెస్" అని ఉండేది. ఆ గడి ఖాళీగా ఉందని చూడటానికి మొత్తం కనపడక్కర్లేదు. కళ్ళుంటే చాలు.

మూడోది, నిజాయితీగా ఉన్నది: "అడిగితే ఉద్యోగం పోతుంది." హెచ్1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. ఇంటి ఈఎంఐ, పిల్లల స్కూలు, అక్కడ అమ్మానాన్నల మందులు. ఈ భయాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. ప్రాణాలకి తెగించి పత్రికల వాళ్ళ దగ్గరికి పరిగెత్తమనీ అనడం లేదు. కానీ వీరత్వానికీ మౌనానికీ మధ్య చాలా జాగా ఉంది. "ఈ రూల్‌కి వైద్యపరమైన ఆధారం ఏమిటో చెప్తారా?" అని మెయిల్లో ఒక వాక్యం రాస్తే వీసా పోదు. అది క్లారిఫికేషన్ అడగడం. డేట్ ఫార్మాట్ గురించి ముప్ఫై మెయిళ్ళు రాస్తాం కదా, ఇది ముప్ఫై ఒకటోది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఓపియాయిడ్లు రాక్షసులు, అన్నీ బంద్ చేయండి అని నేననడం లేదు. కాన్సర్ నొప్పితో మెలికలు తిరిగే మనిషిని దగ్గర్నుంచి చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. మన దేశంలో సమస్య సరిగ్గా దీనికి తిరగబడి ఉంది. చట్టబద్ధంగా నల్లమందు పండించే దేశం మనది, కానీ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం భయంతో కాన్సర్ పేషెంట్లకి మార్ఫిన్ దొరకడం గగనమయ్యేది. 2014లో చట్టం సవరించాక కూడా అది అందనివాళ్ళు చాలామందే ఉన్నారు. అమెరికాలో కూడా 2016 తర్వాత కొందరు డాక్టర్లు భయపడి, ఏళ్ళ తరబడి వాడుతున్నవాళ్ళకి ఒక్కసారిగా మందు ఆపేశారు. దాంతో వాళ్ళు నరకం చూశారు. 2022లో సీడీసీ తన మార్గదర్శకాల్ని సవరించుకోవాల్సి వచ్చింది.

అందులోనూ మన చెయ్యి ఉంది. నార్క్స్‌కేర్ అని ఒక సాఫ్ట్‌వేర్ పేషెంట్ మందుల చరిత్ర చూసి 000 నుంచి 999 దాకా ఒక స్కోర్ ఇస్తుంది. లోపల ఏ లెక్కతో వచ్చిందో బయటికి పూర్తిగా చెప్పరు. ఆ స్కోర్ చూసి డాక్టర్లు తమని వెళ్ళగొట్టారని పేషెంట్లు మొత్తుకున్నారు. అంటే అమ్మడానికీ సాఫ్ట్‌వేరే, ఆపడానికీ సాఫ్ట్‌వేరే. రెండు చోట్లా ఒకటే జబ్బు: రూల్ ఎవరు రాశారో, ఎందుకు రాశారో ఎదుటివాడికి తెలియకపోవడం. కాబట్టి నా గొడవ మందుతో కాదు. చీకట్లో ఉన్న రూల్‌తో.

చెప్పొచ్చేదేమిటంటే, హెల్త్‌కేర్, ఫార్మా, ఇన్సూరెన్స్ ప్రాజెక్టుల్లో ఉన్న ప్రతి తెలుగు ఇంజనీరూ రూల్ కోడ్ చేసేముందు నాలుగు ప్రశ్నలు అడగాలని నా కోరిక. ఈ రూల్‌కి ఆధారం ఏ మార్గదర్శకం? దీనికి డబ్బు పెడుతున్నది ఎవరు? ఇది విజయవంతమైందని దేన్నిబట్టి కొలుస్తారు, నొప్పి తగ్గడాన్ని బట్టా, చీటీలు పెరగడాన్ని బట్టా? థ్రెషోల్డ్ మార్చితే ఎవరు మార్చారో, ఎందుకో లాగ్‌లో ఉంటుందా? మేనేజర్లయితే ఇంకా సులువు. ఈ నాలుగూ మీ రివ్యూ చెక్‌లిస్టులో పడేయండి, అప్పుడు అడిగే జూనియర్ కుర్రాడు ధైర్యం తెచ్చుకోవాల్సిన అవసరం కూడా ఉండదు.

దీంతో లోకం బాగుపడిపోతుందా? పోదు. కానీ మూడో కార్బన్ కాపీ కూడా లోకాన్ని బాగుచేద్దామని పుట్టలేదు. ఎవడో గుమాస్తా ఆలోచించిన చిన్న ఇబ్బంది అది. ఎన్నో వేల మంది దానివల్ల బతికారు. వాళ్ళెవరికీ ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

శాక్లర్ కుటుంబాన్ని తిట్టడం తేలిక. కోట్లకి కోట్లు తిన్నారు, 2024లో సుప్రీంకోర్టు వాళ్ళకి రక్షణ ఇచ్చే ఒప్పందాన్ని కొట్టేస్తే 2025లో 740 కోట్ల డాలర్లతో ఇంకోటి కుదుర్చుకున్నారు. తిట్టండి, నేనూ తిడతాను. కానీ శాక్లర్లకి కోడ్ రాయడం రాదండీ. ఆ పాప్-అప్ వాళ్ళు రాయలేదు. ఆ థ్రెషోల్డ్ వాళ్ళు సెట్ చేయలేదు. ఎవరో మనలాంటివాళ్ళే, మంచివాళ్ళే, సాయంత్రం ఇంటికెళ్ళి పిల్లల చేత హోంవర్క్ చేయించేవాళ్ళే రాశారు. టికెట్ క్లోజ్ చేసి, స్టేటస్ 'డన్' అని పెట్టి వెళ్ళారు.

రేపు మీ స్ప్రింట్‌లో కూడా ఒక రూల్ వస్తుంది. సోర్స్ కాలమ్ చూడండి.